రెండో ముద్ద

ఒకటో రోజు

ఆరో కట్ట సామూహిక వంటశాల, రుచి గది. కుండలు పద్నాలుగు. పాసైనవి పద్నాలుగు. పారబోసినవి లేవు.

ఈ పుస్తకం రాసే పని ఈ రోజు నుంచి నాది. పేరు ఉత్పల, వయసు పదిహేడు. మా చదువులో ఏడాది పాటు ఏదో ఒక పని నేర్చుకోవాలి. నేను రాతపని అడిగాను. పడవల రేవులో రాయమంటారని ఆశపడితే రుచి గదిలో పడేశారు. పడేసింది మా నాన్నే. ఆయన పేరు వరహాలు, ఈ వంటశాలకి పెద్ద.

"అంకెలు రాస్తే చాలమ్మాయ్, కథలు వద్దు" అన్నాడు నాన్న. కానీ ఈ పుస్తకంలో కుడివైపు పేజీ మీద 'గమనికలు' అని అచ్చువేసి ఉంది. నాకు ముందు రాసినవాళ్ళు ఒక్క గమనికా రాయలేదు. అంత తెల్ల కాగితం వృథాగా ఉంటే నాకు చేతులు దురదపెడతాయి.

గమనిక: రుచి చూడటాన్ని ఇంత దగ్గర నుంచి చూడటం ఇదే మొదలు. నాకు రోత పుట్టింది.

మా మేనత్త మాణిక్యాంబ, ఆవిడ పక్కన నూకరత్నమ్మ, ఇద్దరూ పీటల మీద కూర్చుంటారు. పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. కుండ వస్తుంది. తలా ఒక ముద్ద తింటారు. అది డ్యూటీ. తర్వాత చెయ్యి మోకాలి మీద పెట్టుకుంటారు. నేను ఇరవై లెక్కపెట్టాలి. ఆ ఇరవై లోపల చెయ్యి దానంతటది రెండో ముద్దకి పోవాలి. ఎవరూ తినమనకూడదు, సైగ చెయ్యకూడదు. ఇద్దరిలో ఒక్కరి చెయ్యి పోయినా కుండ భోజనాల హాల్లోకి వెళుతుంది. ఎవరి చెయ్యీ పోకపోతే వెనక కాలవలో పోస్తారు. హాల్లో నాలుగు వందల పన్నెండు మందీ కళ్ళు మూసుకుని తినేది ఈ రెండో ముద్ద మీద నమ్మకంతోనే. గిన్నె ఎత్తి వాసన చూడటం మా దగ్గర పెద్ద మర్యాద తప్పు. రుచి చూసినావిడ మొహాన ఉమ్మినట్టు.

మా అత్త చెయ్యి పోదు, దూకుతుంది. పులుసు మణికట్టు దాకా కారింది. గడ్డం కింద మడతల్లో చెమటా నూనే కలిసి మెరుస్తున్నాయి. వేళ్ళ సందులు కూడా నాకింది. తింటున్నంతసేపూ కొలిమి తిత్తిలా బుసకొడుతూ ఊపిరి. పద్నాలుగో కుండ అయ్యాక ఇద్దరు వంటవాళ్ళు చంకల కింద చేతులు వేసి ఆవిడని పైకి లేపారు.

"ఏంటే, అలా చూస్తావు? మీ అత్త తినడం ఎప్పుడూ చూళ్ళేదా?"

"ఇంత దగ్గర నుంచి చూళ్ళేదత్తా."

"దగ్గర నుంచి చూస్తే ఎవరి తిండైనా ఇలాగే ఉంటదే. నువ్వోసారి అద్దం ముందు పెట్టుకుని తిను."

నూకరత్నమ్మ నోట్లో ముద్దతోనే పకపకా నవ్వింది. ఒక మెతుకు ఎగిరి వచ్చి ఈ పేజీ మీద పడింది. తుడిచాను. మరక పోలేదు.

నాలుగో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి పదమూడు. ఒకటి పారబోశారు, మాడు వాసన.

గమనిక: విషం పట్టే యంత్రం మాకూ ఉంది. అయితే దానికి తెలిసిన విషాలే అది చెబుతుంది. తొట్లలో పెంచే నాచు ముదిరిపోతే దాన్లో యంత్రానికి తెలిసిన విషమేమీ ఉండదు. తిన్నవాళ్ళు మాత్రం మూడు రోజులు కక్కుతారు. అందుకే సముద్రం పైకొచ్చి మనుషులు కట్టల మీదికి చేరిన తొలి ఏళ్ళలో ఆడవాళ్ళు రుచి చూడటం మొదలుపెట్టారట. అదీ నెలసరి నిలిచిన ఆడవాళ్ళు. కడుపులో బిడ్డ ఉందేమో అన్న భయం వాళ్ళకి లేదు కనుక. మగవాళ్ళని ఎందుకు పెట్టలేదని అడిగితే నూకరత్నమ్మ మూతి తిప్పింది.

"మగోల్ల సెయ్యి పెనం మసి మీదకి కూడా పోద్ది పిల్లా. ఆల్ల ఆకలికి నాలికుండదు."

ఈ రోజు డాక్టర్ షంషాద్ గారు తూకం యంత్రం పట్టుకుని రుచి గదిలోకే వచ్చారు. అత్త నూట నాలుగు కిలోలు. డాక్టర్ గారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. నాకు తెలియని సంగతి ఒకటి అప్పుడు బయటపడింది. అత్త రెండేళ్ళుగా పడుకోవడం లేదు. వీపు వెనక రెండు బస్తాలు వేసుకుని కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆగిపోతోందట.

"నెలసరి నిలిచాక ఒంట్లో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. కొవ్వంతా పొట్ట చుట్టూ చేరుతుంది. ఆకలి తగ్గకపోగా పెరుగుతుంది. పైగా మీకు రోజూ పద్నాలుగు కుండలు" అన్నారు డాక్టర్ గారు. "ఇది మీ తిండిపోతుతనం కాదు మాణిక్యాంబ గారూ. గ్రెలిన్ అని ఒక హార్మోను. కడుపులో పుట్టి మెదడుకి వెళ్ళి తిను, తిను అని పోరు పెడుతుంది. దానికి తాళం వచ్చింది. చంక కింద చర్మంలో గింజంత పెడతాను. పోరు ఆగిపోతుంది."

"పెట్టకపోతే?"

డాక్టర్ గారు స్టెతస్కోపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "మీ గుండె ఇంకో వానాకాలం చూస్తుందని నేను చెప్పలేను."

అత్త నాన్న వైపు చూసింది. నాన్న ఆవిడకి తమ్ముడు. "పెట్టించుకో అక్కా, ఆలోచన దేనికి?" అన్నాడు వెంటనే.

తొమ్మిదో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి పద్నాలుగు.

గమనిక: ఆరో కట్ట మీద నెలసరి నిలిచిన ఆడవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. ముప్ఫై ఎనిమిది మందీ తాళం పెట్టించుకున్నారు. ఒంటికి అవసరమైనవాళ్ళు ఇరవై మందేనట. మిగిలినవాళ్ళు, పక్కింటావిడకి పెట్టి మాకెందుకు పెట్టరని దెబ్బలాటకి వచ్చారు. నూకరత్నమ్మ వాళ్ళలో ఒకతె. ఎముకల గూడులా ఉంటుంది, ఆవిడకెందుకో! డాక్టర్ గారు కాదనలేకపోయారు.

పదిహేనో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి పన్నెండు.

గమనిక: అత్త పీట మీద నుంచి తనే లేచింది. చంకల్లో చేతులు వెయ్యబోయిన వంటవాడిని మోచేత్తో పొడిచింది. "తప్పుకోరా, నేనేమన్నా కుండనా ఎత్తడానికి" అంది. నిన్న రెండు గంటలు చాప మీద పక్కకి తిరిగి పడుకుందట. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం కొత్త రవికె తొడుక్కున్న పిల్లలా ఉంది.

అత్త తినే తీరు కూడా మారింది. మొదటి ముద్ద వేళ్ళ చివర్లతో తీసుకుంటోంది. ఏదీ కారడం లేదు. నాకు రోత తగ్గింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

ఇరవై ఒకటో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి తొమ్మిది. పారబోసినవి అయిదు.

గమనిక: నాన్న వంటవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. నాచు పప్పు వండేవాడిని పాత్రలు తోమడానికి మార్చాడు. చింతపండు రెట్టింపు చెయ్యమన్నాడు. కుండ తిరిగొచ్చిందంటే తప్పు కుండది, కుండ వండినవాడిది. చెయ్యి తప్పు చెప్పడమన్నది మా కట్ట మీద ఎవరూ ఊహించని సంగతి.

ఇరవై ఆరో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి మూడు. పారబోసినవి పదకొండు.

గమనిక: ఈ రోజు హాల్లో అందరికీ అరగిన్నె చొప్పున వచ్చింది. ముసలివాళ్ళు సగం మిగిల్చి మనవలకి పెట్టారు. గిన్నెలు గీకే చప్పుడు తప్ప హాల్లో మాట లేదు. అవతల వెనక కాలవలో నాలుగు రోజుల పప్పు, అన్నం, పులుసు పేరుకుపోయి ఉన్నాయి. నేను లెక్క చూడ్డానికి వెళ్ళాను. నీళ్ళ మీద మీగడలాంటి బూడిదరంగు తెట్టు కట్టింది. ఆ తెట్టు కదులుతోంది. దగ్గరికి వెళితే తెలిసింది, అది పురుగుల కదలిక. పీతలు ఒకదాని మీదొకటి ఎక్కి తింటున్నాయి. ఒక పీత అటుతిరిగి ఇటుతిరిగి నా చెప్పు మీదికి ఎక్కింది.

మా పంతులమ్మ దగ్గర అట్ట చిరిగిన నిఘంటువు ఉంది. సాయంత్రాలు దాన్ని చదవడం నాకో పిచ్చి. రోత కంటికి పుడుతుంది. కంపరం చర్మానికి. వెగటు నాలిక్కి. ఏవగింపు మాత్రం మనసులో పుడుతుంది. ఇన్నాళ్ళూ అన్నీ ఒకటే అనుకున్నాను. కాలవ గట్టు మీద మొదటి రెండూ ఒకేసారి తెలిశాయి.

మనుషులు పస్తులుంటే పీతలు బలుస్తున్నాయి. కుండ వండినవాడు ఏడుస్తూ చెప్పాడు, "బాగానే ఉందమ్మా, నా పిల్లల మీద ఒట్టు, బాగానే ఉంది." వాడు రుచి చూశాడా? రుచి గదికి రాకముందే వండినవాడు రుచి చూస్తే మా దగ్గర నేరం. అందుకని అడగలేదు.

ఇరవై ఎనిమిదో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి ఒకటి.

గమనిక: పుస్తకం వెనక్కి తిప్పి అంకెలన్నీ ఒక వరసలో రాసుకున్నాను. తొమ్మిదో రోజు తాళం. అక్కడి నుంచి మెట్లు దిగినట్టు దిగుతున్నాయి అంకెలు. పద్నాలుగు, పన్నెండు, తొమ్మిది, మూడు, ఒకటి. వంటవాళ్ళు మారినా, చింతపండు పెరిగినా ఆ దిగడం ఆగలేదు.

పుస్తకం పట్టుకుని అత్త ఇంటికి పరిగెత్తాను. గుమ్మం ముందు కూర్చుని చాప అల్లుతోంది.

"అత్తా, కుండల తప్పు కాదు. నీకు ఆకలి లేదు. అందుకే చెయ్యి పోవడం లేదు."

ఆవిడ తల ఎత్తలేదు. "నాకు తెలుసే."

"ఎప్పట్నుంచి?"

"పది రోజులు దాటింది. అన్నం నోట్లో పెట్టుకుంటే తడిసిన గోడ నమిలినట్టుంది. రేపు వస్తదిలే, ఎల్లుండి వస్తదిలే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ చెయ్యి కదా, అదే పోతదిలే అనుకున్నాను. పోలేదు."

"మరి చెప్పొచ్చు కదా! పిల్లలు అరగిన్నె తింటున్నారు."

"చెబితే ఏం చేస్తారే?" అప్పుడు తల ఎత్తింది. కళ్ళ కింద ఉబ్బు దిగిపోయి మొహం కొత్తగా ఉంది. "తియ్యమంటారు. నిన్న నేను ఎంతసేపు పడుకున్నానో తెలుసా? తెల్లారేదాకా. మధ్యలో ఒక్కసారి కూడా ఉలిక్కిపడి లేవలేదు. కాళ్ళు చాపుకుని, పిల్లలు పడుకున్నట్టు పడుకున్నాను. అది తీసేసుకుంటారే వాళ్ళు."

నేను వెనక్కి వచ్చాను. ఎవరికీ చెప్పకుండా ఉండాలనుకున్నాను. హాల్లో మళ్ళీ గిన్నెలు గీకుతున్న చప్పుడు. నాన్నకి చెప్పేశాను.

ఇరవై తొమ్మిదో రోజు

కుండలు పద్నాలుగు. పాసైనవి పద్నాలుగు.

గమనిక: తాళం తియ్యమంటాడని నేను భయపడ్డాను. నాన్న ఆ మాట అనలేదు. అంతకంటే పాడుపని చేశాడు. రుచి గది తలుపు వేసి, పీటల ముందు గొంతుక్కూర్చుని, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"అక్కా, తాళం ఉండనీ. నీ ఆరోగ్యం ముఖ్యం. నేను గరిటెతో కుండ అంచు మీద కొడతాను. టక్కుమనగానే రెండో ముద్ద తీసుకోండి. అంతే."

"ఆకలి లేకుండానా?"

"ఆకలి ఉన్నట్టు."

"ఏటి బాబూ, నాటకమా?" అంది నూకరత్నమ్మ.

"నాటకమే అనుకో. హాల్లో జనం మాడుతున్నారు. కుండలు బాగానే ఉన్నాయని మనందరికీ తెలుసు కదా!"

"నీకెలా తెలుసురా? వాసన చూశావా?" అంది అత్త.

నాన్న ఎర్రబడ్డాడు. ఆ ప్రశ్న మా దగ్గర బూతుతో సమానం. గరిటె తీసుకున్నాడు.

టక్. ఇద్దరి చేతులూ పోయాయి. టక్. పోయాయి. పద్నాలుగు సార్లు. నేను ఇరవై లెక్కపెట్టాల్సిన అవసరమే లేకపోయింది. హాల్లో జనం కుండలు వస్తుంటే చప్పట్లు కొట్టారు. ఒకావిడ అత్తకి దణ్ణం పెట్టింది. నేను 'పాసైనవి పద్నాలుగు' అని రాశాను. ఏవగింపు అంటే ఇదేనేమో! పురుగులూ లేవు, వాసనా లేదు. అంతా శుభ్రంగానే ఉంది.

ముప్ఫై నాలుగో రోజు

ఈ రోజు అంకెలు లేవు. రాయలేకపోయాను. ఇది రెండు రోజుల తర్వాత కూర్చుని రాస్తున్నది.

ఆ రోజు ఏడో కుండ నాచు పులుసు. తొట్టి ముదిరింది. యంత్రం ఏమీ లేదంది. నాన్న గరిటెతో కొట్టాడు. చేతులు పోయాయి. అత్త మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆవిడకి మంచి పులుసూ, చెడ్డ పులుసూ రెండూ తడి గోడే.

నాకు హాల్లో మొదటి గుక్కలోనే తెలిసింది. నాలిక మీద జిగురు, దాని కింద తడిగుడ్డ వారం రోజులు మూలన పడేస్తే వచ్చే కంపు. చుట్టూ చూశాను. అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి. అందరికీ తెలిసింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. రెండో ముద్ద పడిన కుండ కదా! ఎదురుగా ఉన్న పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మింగుతున్నాడు. నేనూ మింగాను. రాతపని నాది, నాటకం సంగతి తెలిసినది నాకు, అయినా గిన్నె ఖాళీ చేశాను. అదీ మా మర్యాద.

సాయంత్రానికి నూట అరవై మూడు మంది పడిపోయారు. కట్ట మొత్తానికి మరుగుదొడ్లు పన్నెండు. ఇక రాయనక్కర్లేదు కానీ రాస్తాను. వరసలో నిలబడలేనివాళ్ళు వరసలోనే కూర్చున్నారు. మెట్ల మీద ఆకుపచ్చ కక్కు, దాని మీద కాలు జారి పడినవాళ్ళు, పడినచోటే మళ్ళీ కక్కినవాళ్ళు. మా ఇంట్లో బకెట్ ఒకటే. ఒకవైపు నేను, ఒకవైపు నాన్న. తలలు కొట్టుకున్నాయి. "ముందు నువ్వు కానీ అమ్మాయ్" అన్నాడు నాన్న, పెళ్ళి విందులో వడ్డన అందుకోమన్నట్టు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా ముక్కులోంచి ఆకుపచ్చగానే వచ్చింది.

ఎవరూ పోలేదు. ఇద్దరు చంటిపిల్లలు డాక్టర్ గారి దగ్గర సెలైన్ మీద ఉన్నారు.

అత్తకి ఏమీ కాలేదు. ఆవిడ తిన్నది రెండు ముద్దలే. బిందెలతో నీళ్ళు మోసి మెట్లన్నీ కడిగింది. నెల కిందట ఒక్క మెట్టు ఎక్కితే ఆగిపోయే మనిషి, కక్కూ నీళ్ళూ తోసుకుంటూ పైనుంచి కింద దాకా కడిగింది.

ముప్ఫై ఏడో రోజు

పొద్దున్నే హాల్లో సమావేశం. బ్లీచింగ్ పౌడర్ వాసన కింద ఇంకా ఆ వాసన ఉంది. నాన్న లేచి గరిటె సంగతంతా ఒప్పుకున్నాడు. ఆయన్ని తిడతారనుకున్నాను. తిట్టలేదు. అందరి కళ్ళూ అత్త మీదికి తిరిగాయి.

"తాళం తీయించెయ్ మాణిక్యాంబా."

"ముప్ఫై ఎనిమిది మందిలో నీ చెయ్యే చెయ్యి. మిగతావాళ్ళవి మేం నమ్మం."

"నీ ఒక్కదాని ఒళ్ళు తగ్గడం కోసం మా పిల్లలు చావాలా?"

"అసలు ఆడదానికి ఆ వయసులో అందమెందుకు?" అన్నాడు వెనక నుంచి ఒకడు. కొందరు నవ్వారు.

డాక్టర్ షంషాద్ గారు లేచారు. "తియ్యడం అయిదు నిమిషాల పని. తీశాక ఆకలి రెండింతలై తిరిగొస్తుంది. ఏడాదిలో బరువు మళ్ళీ నూరు దాటుతుంది. ఆ తర్వాత సంగతి నన్ను అడగకండి." ఆవిడ అత్త వైపు తిరిగారు. "తప్పు నాది కూడా. ఆకలిని జబ్బు అనుకున్నాను. మీరంతా దాన్ని ఉద్యోగంలో పెట్టారని నాకు తట్టలేదు."

నాన్న అత్త దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఒక్క గాటు. నీకు నేను జీవితాంతం సేవ చేస్తాను. ఎత్తి కూర్చోబెడతాను, ఎత్తి పడుకోబెడతాను."

"పడుకోబెడతావురా? నిద్ర కూడా నువ్వే పోతావా నా బదులు?"

నాన్న వెనక్కి జరిగాడు.

అత్త లేచి నిలబడింది. నిలబడటానికి దేన్నీ పట్టుకోలేదు. "నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. అప్పుడు పీట మీద కూర్చోబెట్టారు. ముప్ఫై ఏళ్ళు మీ అందరి బదులూ నేను ఆకలేసుకున్నాను. పొద్దున్నుంచీ పస్తుండి, మీ కుండలన్నీ నాకి, ఒళ్ళు పెంచుకుని, మీ పిల్లల చేత ఏనుగత్త అనిపించుకున్నాను. అప్పుడు ఒక్కడు కూడా నా ఊపిరి గురించి అడగలేదు. మొన్నటి పులుసు చెడిందని మీలో ఎంతమందికి తెలిసింది? చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. మెల్లగా ఆ పెద్దాయన ఎత్తాడు. తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి.

"మరి ఎందుకు మింగారు?"

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"నేను తియ్యను" అంది అత్త. "రేపట్నుంచి రాను."

నూకరత్నమ్మ కూడా లేచింది. "నాకు తాళం అక్కరనేదు, తీయించుకుంతాను. నా ఆకలి నాక్కావాల. అయితే పీట మీద మాత్రం కూకోను" అని ఆవిడ వెనకే వెళ్ళిపోయింది.

గమనిక: ఒకటో రోజు మా అత్తని చూసి రోత పుట్టిందని రాశాను. ఈ పుస్తకంలో కొట్టివేతలు కూడదు. కాబట్టి అది అలాగే ఉంటుంది. ఈ రోజు నాకు ఏవగింపు కలిగింది. ఆవిడ మీద కాదు. ఆకలేస్తున్న ఒక మనిషిని మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆవిడ నోటితో బతికిన మా నాలుగు వందల మంది మీద. నేను కూడా అందులో ఉన్నాను. గిన్నె ఖాళీ చేసినదాన్ని.

ముప్ఫై ఎనిమిదో రోజు

కుండలు పద్నాలుగు. పీటలు ఖాళీ.

నాన్న కుండలని అలాగే హాల్లోకి పంపించాడు, ఇంకేం చెయ్యాలో తెలియక. వడ్డన అయింది. ఎవరూ తినలేదు. నాలుగు వందల మంది ముందు గిన్నెలు పెట్టుకుని, ఆకలితో కడుపులు గుర్రుమంటుంటే, రుచి గది గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఈగలు తినడం మొదలుపెట్టాయి. ఒకడి పప్పు మీద నాలుగు వాలాయి. వాడు తోలలేదు.

నాకు ఒళ్ళు మండింది. నా గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పక్కనున్నావిడ "అమ్మో!" అంది. వేలి చివర ముంచి నాలికకి రాసుకుని, వెంటనే నేల మీద ఉమ్మేశాను. ముదిరిన నాచు. కొద్దిగానే, కింద ఎక్కడో. చింతపండు దాన్ని కప్పుతోంది.

"ఛీ! పాడైపోయింది" అన్నాను గట్టిగా.

నాన్న పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీకు మతిపోయిందా? రేపు పెళ్ళయ్యి పిల్లలు పుట్టాల్సినదానివి, నువ్వు రుచి చూడకూడదు!"

"మొన్న మొత్తం గిన్నె మింగాను కదా నాన్నా. అప్పుడేమైంది? ఈ రోజు ఉమ్మేశాను."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. తర్వాత నా గిన్నెలోనే వేలు పెట్టాడు. వంటశాల పెద్ద, ఇరవై ఏళ్ళలో ఒక్క కుండ వాసన చూడనివాడు. నాలిక మీద పెట్టుకున్న మరుక్షణం మొహమంతా ముక్కు చుట్టూ ముడుచుకుపోయింది. తిరగలి దగ్గర దుమ్ము పీల్చినవాడిలా దగ్గి, ఖాండ్రించి ఉమ్మాడు. అది వెళ్ళి ఒకాయన పంచె మీద పడింది. ఆయన తిట్టబోయి ఆగి, తన గిన్నెలో వేలు పెట్టాడు. ఆయనా ఉమ్మాడు.

ఆ తర్వాత హాలంతా అదే. వేళ్ళు, నాలికలు, ఉమ్ములు. నేల చిత్తడైపోయింది. వెగటుగా ఉంది, కంపరంగా ఉంది, అడుగు తీసి వెయ్యడానికి చోటు లేదు. "ఇది బాగుందిరా, మూడో కుండ బాగుంది!" "ఏం బాగు, ఉప్పు కషాయం!" "నీకు నాలికే లేదు, ఊరుకో!" ఉప్పు గురించి ఆరో కట్ట మీద మనుషులు పోట్లాడుకోవడం నా జన్మలో ఇదే వినడం. చివరికి నాలుగు కుండలు కాలవకి పోయాయి. పది మిగిలాయి. పదీ తిన్నారు, తిట్టుకుంటూ.

ఎడమ పేజీలో ప్రతి కుండ పక్కనా గోరంత గడి ఉంటుంది. తీర్పు చెప్పిన చెయ్యి ఎవరిదో అందులో పేరు రాయాలి. పారబోసిన మొదటి కుండ దగ్గర కలం ఆగింది. నా పేరు రాశాను. పంచె ఆయన వచ్చి భుజం మీదుగా చూసి, "నేనూ ఉమ్మాను కదమ్మా, నాదీ రాయి" అన్నాడు. రాశాను. తర్వాత ఒకావిడ. తర్వాత ఆ పెద్దాయన. గడి నిండి పేర్లు బయటికి పోయాయి. అంచు దాటి కుడి పేజీలోకి, నా గమనికల్లోకి వచ్చాయి. చోటు చాలక వంకరగా రాశాను, అక్షరాలు చిన్నవి చేశాను.

అందరూ అయ్యాక నాన్న వచ్చాడు. పేరు చెప్పలేదు. నా చేతిలోంచి కలం లాక్కుని, పేజీ అడుగున మిగిలిన వేలెడు జాగాలో, ఉమ్మీ పప్పూ అంటిన వేళ్ళతోనే, వరహాలు అని రాసుకున్నాడు.